28 రోజుల బలం చూసి మోర్టార్ మన్నిక చెప్పగలమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మోర్టార్‌లో, అంటే సిమెంటూ ఇసుకా నీళ్లూ కలిపిన మాలులో, సిమెంటును 10, 20, 30 శాతం తగ్గించి ఆ మేరకు ఫ్లైయాష్ (బొగ్గు కాల్చాక మిగిలే మెత్తటి బూడిద) వేశారు. ఇసుకలో సగానికి బదులు రాతి పొడి కలిపారు. 28 రోజులకు క్యూబ్‌లు పగలగొడితే 10 శాతం దగ్గర బలం కొంచెం పెరిగింది, 30 దగ్గర బాగా పడిపోయింది. "10 శాతమే ఉత్తమం" అని రాయబోతుంటే మీ గైడ్ మన్నిక సంగతేమిటని అడిగారు. చేతిలో నాలుగు నెలలున్నాయి. ఏ పరీక్షలు పెట్టుకోవాలి, పనిలో పనిగా గాజు పొడి కూడా చూసేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ "10 శాతమే ఉత్తమం" అన్న వాక్యాన్ని పక్కన పెట్టండి. అది తప్పని అనడం లేదు. ఆ మాట మీ ఫ్లైయాష్ చెప్పిందా, మీరు పోసిన నీళ్లు చెప్పాయా అన్నది ఇంకా తేలలేదు.

ఇలా ఎందుకంటున్నానంటే ఈ గోతిలో నేనూ పడ్డాను. ల్యాబ్‌లో చేరిన కొత్తలో మేమూ ఇసుకకు బదులు రాతి పొడి మీదే పని చేశాం. ఇసుకను బస్తాలోంచి తీసి అలాగే వాడేవాళ్లం. రాతి పొడిని మాత్రం జల్లెడ పట్టడానికి వీలుగా ఓవెన్‌లో ఎండబెట్టేవాళ్లం. పొడి పెంచేకొద్దీ బలం పెరుగుతూ పోయింది. సంబరంగా గ్రాఫులు గీశాం. అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ పెద్దాయన ఒకరు గ్రాఫు చూసి, "ఇసుకలో తేమ ఎంత?" అని ఒక్క ముక్క అడిగారు. కొలిస్తే 4 శాతం ఉంది. 1:3 పాళ్లలో 100 గ్రాముల సిమెంటుకు 300 గ్రాముల ఇసుక పడుతుంది. అందులో 4 శాతమంటే సుమారు 12 గ్రాముల నీళ్లు. అంటే మేం 0.50 అనుకుంటున్న నీరు-సిమెంటు నిష్పత్తి నిజానికి 0.62. సగం ఇసుక తీసేసి ఎండు పొడి వేసేసరికి అది 0.56కి దిగింది. ఆ పొడి తాను పీల్చుకున్న నీళ్లు వేరే. మేం కనిపెట్టింది రాతి పొడి గొప్పతనం కాదు, నీళ్లు తగ్గితే బలం పెరుగుతుందన్న పాత సంగతే. మూడు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది.

మీ దగ్గర నీళ్లు ఇంకో దారిలో కూడా మారి ఉండొచ్చు. భారత ప్రమాణం ఐఎస్ 4031 ఆరో భాగం ప్రకారం 70.6 మిల్లీమీటర్ల క్యూబ్‌లు పోసేటప్పుడు నీళ్లను సిమెంటు ప్రామాణిక చిక్కదనాన్ని బట్టి లెక్క కడతాం. ఆ చిక్కదనానికి పట్టే నీటి శాతం పి అనుకుంటే, పి బై 4 ప్లస్ 3 శాతం నీళ్లు పోయాలి, అదీ సిమెంటూ ఇసుకా కలిపిన బరువు మీద. పి 30 అయితే 200 గ్రాముల సిమెంటు, 600 గ్రాముల ఇసుకకు 84 గ్రాముల నీళ్లు వస్తాయి, నిష్పత్తి 0.42. మెత్తటి పొడి ఏదో కలిపాక పి 38కి పెరిగిందనుకోండి. నీళ్లు 100 గ్రాములవుతాయి, నిష్పత్తి 0.50 అవుతుంది. అప్పుడు పడిపోయిన బలంలో పొడి వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత? మంచి ఫ్లైయాష్ అయితే రేణువులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఇది తిరగబడి నీళ్లు తగ్గే అవకాశమూ ఉంది. మీ 10 శాతం దగ్గర పెరిగిన బలం వెనక ఇదే ఉందేమో చూసుకోండి.

యూరప్ ప్రమాణం ఈఎన్ 196-1 ఈ గొడవ లేకుండా 450 గ్రాముల సిమెంటు, 1350 గ్రాముల ఇసుక, 225 గ్రాముల నీళ్లు అని కట్టేసింది. ఎప్పుడూ 0.50. అమెరికా ఏఎస్‌టీఎం సీ109 మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు 0.485 అంటుంది, మిగతా సిమెంట్లకు ఫ్లో టేబుల్ (మాలు ఎంత పరుచుకుంటుందో చూసే బల్ల) మీద 110 దగ్గర వచ్చేలా నీళ్లు పోయమంటుంది. ఏది మంచిదంటే, ఓపిక ఉంటే రెండు సిరీస్‌లూ పోయండి. నీళ్లు మార్చని సిరీస్ పదార్థం గురించి చెబుతుంది. ఫ్లో మార్చని సిరీస్ పనిలో ఏం జరుగుతుందో చెబుతుంది. మేస్త్రీ మాలు తాపీకి లొంగేదాకా నీళ్లు పోస్తాడు గానీ నిష్పత్తి లెక్కపెట్టి పోయడు కదా.

రాతి పొడి గురించి ఇంకొక్క మాట. అందులో 75 మైక్రాన్ల జల్లెడ దాటిపోయే మెత్తటి భాగం రాతిదేనా, మట్టిదా అన్నది తేల్చుకోండి. రాతిదైతే ఖాళీలు పూడ్చి మేలు చేయొచ్చు. బంకమట్టి అయితే నీళ్లు తాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, రేణువుకూ సిమెంటుకూ మధ్య పొరలా అడ్డుపడుతుంది. జల్లెడ రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. బంకమట్టి ఉందో లేదో తేల్చే మిథిలీన్ బ్లూ పరీక్ష ఒక పూట పని, చేసేయండి.

ఇక మన్నిక. బలానికీ మన్నికకూ చుట్టరికం ఉంది గానీ రెండూ ఒకటి కావు. 1890ల్లో ఫ్రాన్స్‌లో రెనే ఫెరే మోర్టార్ల మీదే పనిచేసి, బలం అనేది సిమెంటు ఎంత వేశామన్న దాని మీదే కాదు, దాని పక్కన నీళ్లూ గాలీ ఎంత చోటు ఆక్రమించాయన్న దాని మీద కూడా ఉంటుందని చూపించాడు. 1918లో డఫ్ ఏబ్రమ్స్ కాంక్రీటుకు దాన్ని నీరు-సిమెంటు నిష్పత్తిగా సులువు చేశాడు. ఈ రెండు సూత్రాలూ మొత్తం ఖాళీ ఎంత అన్న దాని చుట్టూనే తిరుగుతాయి. మన్నికకు ఆ సమాచారం చాలదు. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి దారిగా ఏర్పడ్డాయా, లేక విడివిడిగా మూసుకుపోయాయా అన్నది తెలియాలి. సల్ఫేట్ అయినా, క్లోరైడ్ అయినా, గోడలో పేరుకునే ఉప్పయినా నీళ్లతో పాటే లోపలికి వస్తాయి. నీళ్లకు దారి లేకపోతే వాటికీ లేదు.

ఈ దారులు ఎప్పుడు మూసుకుంటాయన్న దాని మీద పవర్స్, కోప్‌లాండ్, మాన్ అనే పరిశోధకులు 1959లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ నా టేబుల్ మీద అంటించి ఉంటుంది. ఎప్పుడూ తడిగా ఉంచిన సిమెంటు ముద్దలో సన్నటి నీటి దారులు తెగిపోవడానికి, నిష్పత్తి 0.40 అయితే సుమారు 3 రోజులు, 0.45కి 7 రోజులు, 0.50కి 14 రోజులు, 0.60కి ఆరు నెలలు, 0.70కి ఏడాది పడుతుంది. 0.70 దాటితే ఎన్నాళ్లు తడిపినా పూర్తిగా తెగవు. కారణం చోటే. సిమెంటు నీటితో కలిసి ఏర్పడే జెల్ మొదటి సిమెంటు కంటే రెండింతలకు కాస్త పైన చోటు మాత్రమే నింపగలదు. అంతకు మించి నీళ్లు పోస్తే ఆ ఖాళీ నింపడానికి సరుకే ఉండదు.

0.50కీ 0.60కీ బలంలో తేడా చూస్తే ఏదో కొంత. నీటి దారి విషయంలో మాత్రం రెండు వారాలకూ ఆరు నెలలకూ ఉన్నంత తేడా. 28 రోజుల క్యూబ్ ఈ తేడాను మనకు చూపించదు. మీ గైడ్ అడిగిన ప్రశ్న సరిగ్గా ఇక్కడే ఉంది.

ఇదే లెక్కతో ఇంకో విషయం కూడా బయటపడుతుంది. మీరు పోసినవి 1:3 ల్యాబ్ క్యూబ్‌లు. ఇటుక గోడ కట్టే 1:6 మాలులో బరువు లెక్కన నీరు-సిమెంటు నిష్పత్తి మామూలుగానే 1 దాటిపోతుంది. అంటే ఆ మాలులో నీటి దారులు ఎప్పటికీ తెరిచే ఉంటాయి. పైగా క్యూబ్ పోసే ఇనుప అచ్చు నీళ్లు పీల్చదు, ఇటుక పీలుస్తుంది. ఇటుకల మధ్య 10 మిల్లీమీటర్ల పొరలో ఉన్న మాలు, అదే బ్యాచ్‌లోంచి అచ్చులో పోసిన మాలు గట్టిపడేసరికి రెండు వేరు పదార్థాలు. ఇటుక మరీ ఎండుగా ఉంటే అతుకు దగ్గర సిమెంటుకు కావలసిన నీళ్లు కూడా లాగేస్తుంది, అక్కడ మాలు గుల్లబారి వేలితో గీకితే రాలుతుంది. కాబట్టి మీ ఫలితాలు ప్లాస్టరింగ్‌కు, ఫెర్రోసిమెంటుకు (ఇనుప వల మీద మాలు పూసే పనికి) వర్తిస్తాయంటారా, గోడ కట్టడానికి వర్తిస్తాయంటారా ముందే రాసుకోండి. రెండోదైతే క్యూబ్‌లతో పాటు ఇటుకల మధ్య అతుకు బలం కూడా చూడాలి. మూడు ఇటుకలు అతికించి మధ్యదాన్ని తోసే పరీక్ష చాలు. గోడకు ఎక్కువ బలమైన మాలు వేస్తే మంచిదనుకోవడం కూడా పొరపాటే. మాలు ఇటుక కంటే మెత్తగా ఉంటే కదలికల వల్ల వచ్చే పగులు అతుకులోనే సన్నగా వచ్చి ఆగుతుంది, గట్టిగా ఉంటే ఇటుకే చీలుతుంది. పాత సున్నపు కట్టడాల అతుకుల్లో సిమెంటు మాలు కూరితే ఇటుక ముఖాలు పెచ్చులూడేది కూడా చాలావరకు ఇందుకే. తేమ అతుకులోంచి బయటికి పోలేక ఇటుకలోంచి పోతుంది, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదిలేస్తుంది.

30 శాతం ఫ్లైయాష్‌ను తీసిపారేయకండి. సిమెంటు గట్టిపడేటప్పుడు పక్కన కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా పుడుతుంది. దానివల్ల బలం పెద్దగా రాదు, నీళ్లలో కరిగిపోతుంది, సల్ఫేట్‌కు మొదటి మేత అదే. ఫ్లైయాష్‌లోని సిలికా ఆ హైడ్రాక్సైడ్‌తోనే కలిసి జెల్‌గా మారుతుంది, దారులు మూసేది ఆ జెల్లే. కానీ అది తీరిగ్గా జరిగే పని. 28 రోజులకు తీర్పు చెప్పడమంటే కాయ పండకముందే కొరికి పులుపని అనడమే. 28తో పాటు 56, 90 రోజులకూ క్యూబ్‌లు ఉంచండి. ఇంకో జాగ్రత్త, నానబెట్టే తొట్టిలో ఉత్త నీళ్లు వద్దు, సున్నం కలిపి సంతృప్తం చేసిన నీళ్లు ఉంచండి. ఉత్త నీళ్లు, అందులోనూ తరచూ మార్చే నీళ్లు, క్యూబ్‌ల లోపలి హైడ్రాక్సైడ్‌ను కరిగించి లాగేస్తాయి. ఫ్లైయాష్ పని చేయడానికి కావలసింది అదే కదా.

మన్నికకు ఒక్కటే పరీక్ష చేయగలరంటే కేశనాళిక శోషణ చేయండి, సార్ప్టివిటీ అంటాం. 100 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లలు తీసుకుని, పక్కలు టేపుతోనో ఎపాక్సీతోనో మూసి, అడుగు ముఖం మాత్రమే నీటికి తగిలేలా సన్నటి ఆధారాల మీద నిలబెట్టాలి. నీరు అడుగు ముఖానికి పైన 1 నుంచి 3 మిల్లీమీటర్లు, అంతే. 1, 5, 10, 20, 30, 60 నిమిషాలకు, తర్వాత గంటగంటకూ ఆరు గంటల దాకా తూచాలి. చదరపు మిల్లీమీటరుకు ఎంత నీరు పీల్చిందన్న దాన్ని కాలం వర్గమూలంతో గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలే మీకు కావలసిన అంకె. 24 గంటలు ముంచి తూచే మామూలు శోషణ పరీక్ష మొత్తం ఖాళీని చెబుతుంది. ఇది నీళ్లు ఎంత వేగంగా లోపలికి పోతున్నాయో చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కోసారి భలే ఉంటుంది: మొత్తం ఖాళీ దాదాపు సమానం, వేగం మాత్రం సగం.

ఈ పరీక్షలో జనం చేసే పెద్ద తప్పు బిళ్లలను 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టడం. ఆ వేడికి ఎట్రింగైట్ అనే సిమెంటు స్ఫటికం చెడిపోతుంది, జెల్ ముడుచుకుని కంటికి కనిపించని నెర్రెలు వస్తాయి. తర్వాత మీరు కొలిచేది మోర్టార్ మన్నికను కాదు, ఓవెన్ చేసిన నష్టాన్ని. 50 డిగ్రీల దగ్గరే ఆగండి. ఏఎస్‌టీఎం సీ1585 అయితే 50 డిగ్రీలు, 80 శాతం గాలి తేమలో 3 రోజులు ఉంచి, ఆ తర్వాత కనీసం 15 రోజులు మూత పెట్టిన డబ్బాలో లోపలి తేమ సర్దుకోనివ్వమంటుంది. ఆ రోజులు మీ క్యాలెండర్‌లో ముందే వేసుకోండి, లేకపోతే చివర్లో తొందరపడి మళ్లీ ఓవెన్ తలుపు తీస్తారు.

రెండోది సల్ఫేట్. దీనికి క్యూబ్‌లు వద్దు, 25×25×285 మిల్లీమీటర్ల పట్టీలు పోసి పొడవు కొలవండి. సల్ఫేట్ ద్రావణంలో ఉంచిన క్యూబ్ మొదట్లో బలం పెంచుకుంటుంది, ఎందుకంటే కొత్తగా పుట్టిన ఎట్రింగైట్, జిప్సమ్ ముందు ఖాళీలు నింపుతాయి. నింపడానికి ఖాళీ అయిపోయాకే లోపలినుంచి నెట్టడం మొదలవుతుంది. ఈ సంగతి తెలియక 56 రోజులకు పగలగొట్టి "సల్ఫేట్ వల్ల బలం 8 శాతం పెరిగింది" తరహా వాక్యాలు రాసినవాళ్లను చూశాను. బరువుదీ అదే కథ, ముందు పెరిగి తర్వాత రాలుతుంది. పొడవు అబద్ధం చెప్పదు. ఏఎస్‌టీఎం సీ1012లో తోడు క్యూబ్‌లు 20 మెగాపాస్కల్ బలం చేరగానే పట్టీలను లీటరుకు 50 గ్రాముల సోడియం సల్ఫేట్ ద్రావణంలో దించుతారు, కొలిచిన ప్రతిసారీ ద్రావణం మారుస్తారు. ఆరు నెలలకు 0.10 శాతం లోపు పెరిగితే ఓ మాదిరి నిరోధం, 0.05 లోపైతే ఎక్కువ నిరోధం అని లెక్క. ఫ్లైయాష్ వేసిన పట్టీలు 20 మెగాపాస్కల్‌కు ఆలస్యంగా చేరతాయి. అందరినీ ఒకే తేదీన దించితే దానికి అన్యాయం చేసినట్టే.

మెగ్నీషియం సల్ఫేట్ వేరే జంతువు. అది హైడ్రాక్సైడ్‌తో ఆగదు, జెల్‌లోని కాల్షియాన్నే లాగి దాన్ని అంటుకునే గుణం లేని ముద్దగా మారుస్తుంది. హైడ్రాక్సైడ్‌ను ఫ్లైయాష్ ముందే తినేసి ఉంటే జెల్‌కు రక్షణగా నిలిచేది తక్కువ. సోడియం సల్ఫేట్‌లో గెలిచిన మిశ్రమం ఇందులో ఓడిపోవచ్చు. కాబట్టి "సల్ఫేట్‌ను తట్టుకుంటుంది" అని రాయకండి, ఏ సల్ఫేట్ అన్నది కూడా రాయండి.

5 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో క్యూబ్‌లు ముంచే పరీక్ష విద్యార్థుల థీసిస్‌లలో తప్పకుండా కనిపిస్తుంది. సెప్టిక్ ట్యాంకో మురుగు కాల్వో మీ విషయం కాకపోతే దాన్ని వదిలేయమనే నా సలహా. ఏ సిమెంటు మోర్టారూ అంత యాసిడ్‌ను ఎంతోకాలం తట్టుకోదు. అక్కడ పోటీ ఎవరు ఆలస్యంగా కరుగుతారన్నదే. దానికి తోడు సల్ఫ్యూరిక్‌లో పుట్టిన జిప్సమ్ పైనే అంటుకుని బరువు పెంచుతుంది, హైడ్రోక్లోరిక్‌లో పుట్టిన లవణం కరిగిపోయి బరువు తగ్గిస్తుంది. రెండు టేబుళ్లు పక్కపక్కన పెట్టి మీరే తికమకపడతారు.

కార్బొనేషన్ గురించి, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మాలులోని హైడ్రాక్సైడ్‌తో కలవడం గురించి, క్లుప్తంగా. లోపల ఇనుము లేని ప్లాస్టర్‌కు అది శత్రువు కాదు. హైడ్రాక్సైడ్ కాల్షియం కార్బొనేట్‌గా మారేటప్పుడు ఘనపరిమాణం సుమారు 11 శాతం పెరిగి పై పొర ఇంకొంచెం బిగుస్తుంది కూడా. ఫెర్రోసిమెంటు అయితే కథ వేరు. పీహెచ్ 12.5 పైనుంచి 9 కిందికి పడిపోతే ఇనుముకున్న రక్షణ పోతుంది. అప్పుడే విరిచిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లి రంగు రాని లోతు కొలవండి. ఫ్లైయాష్ ఎక్కువైతే ఈ ఒక్క విషయంలో నష్టం కనిపించవచ్చు, దాచకుండా రాయండి. ఛాంబర్ వాడితే కార్బన్ డయాక్సైడ్ 3 శాతం చుట్టూ ఉంచండి. మరీ పెంచితే లోపల జరిగే రసాయనమే మారిపోతుంది.

ఆరేటప్పుడు ముడుచుకోవడం కొలవడానికి సల్ఫేట్ కోసం పోసిన కొలతల్లోనే నాలుగైదు పట్టీలు ఎక్కువ పోసుకుంటే సరిపోతుంది. మోర్టార్ మీటరుకు ఒక మిల్లీమీటరు దాకా ముడుచుకోవడం వింతేమీ కాదు. ప్లాస్టర్ మీద సాలెగూడు పగుళ్లకు, సిమెంటు దండిగా వేసిన మాలు ముందుగా బీటలు వారడానికి ఇదొక ముఖ్య కారణం. పగులు వచ్చాక పైన చెప్పిన సన్నటి దారుల లెక్క ఎందుకూ పనికిరాదు, నీళ్లు రాచబాటలోనే పోతాయి.

మూడేసి క్యూబ్‌ల సగటుతో 4 శాతం తేడాను "పెరుగుదల" అనకండి. ఒకే బ్యాచ్‌లో పోసిన క్యూబ్‌ల మధ్యే నాకు అంత తేడా ఎన్నోసార్లు వచ్చింది. ఒక్కో వయసుకు ఆరు పోయండి, రెండు వేర్వేరు రోజుల బ్యాచ్‌ల నుంచి మూడేసి. ఫలితాల్లో సగటు పక్కనే కనిష్ఠం, గరిష్ఠం కూడా ఇవ్వండి.

గాజు పొడి ఈసారి వద్దు. మెత్తగా నూరితే గాజు ఫ్లైయాష్ లాగే పని చేస్తుంది, ఇసుక సైజులో వేస్తే సిమెంటులోని క్షారాలతో కలిసి నీళ్లు పీల్చి ఉబ్బే జెల్ అవుతుంది. 1940లో కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ కొన్ని రకాల కంకర విషయంలో బయటపెట్టిన రోగం ఇదే. దానికి 80 డిగ్రీల సోడియం హైడ్రాక్సైడ్‌లో 14 రోజులు ఉంచే పట్టీల పరీక్ష వేరే ఉంది. ఉబ్బు 0.10 శాతం లోపుంటే ఫర్వాలేదు, 0.20 దాటితే ప్రమాదమని చూస్తారు. అదే ఒక పూర్తి ప్రాజెక్టు. ఇప్పటికే రెండు పదార్థాలు ఒకేసారి మార్చి కూర్చున్నారు, మూడోది ఎందుకు? నిజానికి నేనైతే రాతి పొడిని కూడా వెనక్కి తీసి, ఉత్త ఇసుకతో ఫ్లైయాష్ సిరీస్ ఒకటి అదనంగా పోస్తాను. అది లేకుండా ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయలేరు.

కాబట్టి మొదటి వారంలో ఇసుక తేమ, మిథిలీన్ బ్లూ, ప్రామాణిక చిక్కదనం, ఫ్లో. రెండో వారం ముగిసేసరికి అన్ని క్యూబ్‌లూ, పట్టీలూ, బిళ్లలూ పోసేయాలి. బిళ్లలు సగం 28 రోజులకు, సగం 90 రోజులకు తీయండి. పోసిన రోజునుంచి లెక్కేస్తే 90 రోజుల బిళ్లలను ఆరబెట్టి కొలవడానికి నాలుగో నెల చివరి వారం దాటదు, అంతకంటే ఆలస్యంగా మొదలుపెడితే అందదు. సల్ఫేట్ పట్టీలకు మీ గడువులో 13 వారాల కొలత దాకా మాత్రమే వస్తుంది. దాన్ని తీర్పుగా కాకుండా పోకడగా రాయండి. ఆ పట్టీలను పారేయకుండా ద్రావణంలోనే ఉంచి తర్వాతి బ్యాచ్ వాళ్లకు అప్పగించండి, 6 నెలలదీ 12 నెలలదీ వాళ్లు తీస్తారు. డబ్బా మూత మీద ద్రావణం మార్చిన తేదీ చెరిగిపోని మార్కర్‌తో రాయండి.